బుడమేరు మురుగుకాలువ కాదు

గన్నవరపు రైతునకు నీటి విలువను ఒకరు బోధింప నక్కరలేదు. 1855వ సంవత్సరమున బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఏలూరు కాలువ యీ సీమను పోషించుచున్నది. దానికై నీటితీరువ చెల్లించుచున్నాము. వంతు తప్పినచో తగవులాడుచున్నాము. కాని యెనికెపాడు చెంత ఆ కాలువకు క్రిందుగా దూరి వచ్చు బుడమేటిని మాత్రము మనమెన్నడును మనదిగా తలంపలేదు. కాలువ మనది, ఏరు ఎవరిదియు గాదు! ఈ భేదబుద్ధియే మన కష్టములకు మూలమని మా యభిప్రాయము.

మైలవరపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు నీ యేటికి వాననీటిని మోయుట యొక్కటే పని కాదు. వెడల్పైన గర్భమున నీరు నిదానించి, భూమిలోని కింకి, బావులకు చేరును. ఒడ్డునగల తుంగ మలినమును పీల్చును. దాని నీడను చేపలు గ్రుడ్లు పెట్టును. నేడో, బెజవాడ మురుగు దానిలో కలియుచున్నది. ఆ మురుగు బలమున గుర్రపుడెక్క అల్లుకొని వెలుతురును అడ్డును. అది క్రుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును. ఆ నీరే కొల్లేటికి పోవుచున్నది. 1999లో అభయారణ్యముగను, 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగను గుర్తింపబడిన సరస్సది. దానిలోని చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే కొట్టించినది. దిగువను గట్లు కొట్టించి, ఎగువనుండి మురుగు పంపుట యేమి నీతి?

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటి మళ్లింపు కాలువ గట్టు మూడుచోట్ల తెగి, సింగునగరము మొదలగు పేటలు దినముల తరబడి మునిగియుండెను. అప్పుడే ప్రకాశము బ్యారేజీయొద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారుచుండెను. కృష్ణయే పొంగియుండగా మళ్లించిన నీ రెక్కడికి పోవును? ఈ యేటిని ‘బెజవాడ దుఃఖ’మని పిలుచుట పరిపాటియైనది. ఏటి చోటు మన మాక్రమించి యేటిని నిందించుట న్యాయము కాదు. భూమి వేడెక్కిన కొలది మేఘములు మిక్కిలి నీటిని మోసి యొక్కమారుగా క్రుమ్మరించునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున ఏటికి నిన్నటికంటె రేపు ఎక్కువ చోటు కావలయును.

గట్లు ఎత్తుచేసినంతమాత్రమున చాలదు. శుద్ధి చేయని మురుగును ఏటిలోనికి విడువరాదు. సర్వే చేయించి హద్దురాళ్లు నాటవలెను. ఆ హద్దులోని గుడిసెలను తొలగించుటకు ముందు పేదలకు స్థలము చూపవలెను. పొలము కలుపుకొన్న భూస్వామి తానే ముందు విడువవలెను. బ్రహ్మయ్యలింగము చెరువు వంటి మెట్టచెరువుల పూడిక తీసి, వాననీటిని ఎగువనే నిలుపవలెను.

గట్టు చెక్కి నాలుగు సెంట్లు కలుపుకొన్నవాడు తన చేను పెరిగినదని సంతసించును. వరద వచ్చి తన చోటు తాను కొలుచుకొను నాడు ఆ నాలుగు సెంట్లతో పాటు ఇరుగుపొరుగుల పంటయు పోవును. ఆ దినము రాకముందే మేల్కొనుడని మా మనవి.