విద్యుత్ కారు బ్యాటరీ మన్నికపై ఛార్జింగ్ అలవాట్ల ప్రభావం

(ప్రత్యేక వ్యాసం)

నెల్లికుదురు (మహబూబాబాద్ జిల్లా): విద్యుత్ వాహనాల వినియోగాన్ని ప్రోత్సహించే నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో జి.ఓ. ఎం.ఎస్. నెం. 41 ద్వారా రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించిన సంగతి విదితమే. ఈ మినహాయింపుపై పత్రికలలో విస్తృతంగా వార్తలు వెలువడ్డాయి. అయితే వాహనంలో అత్యంత ఖరీదైన భాగమైన బ్యాటరీని కొన్న తరువాత ఏ విధంగా కాపాడుకోవాలన్న అంశం మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. తొర్రూరు–మహబూబాబాద్ మార్గంలోని నెల్లికుదురు వంటి మండల కేంద్రాలలో కారుకు ఇంటి ప్లగ్గే ప్రధాన ఆధారం కనుక యజమాని అలవాట్లే బ్యాటరీ మన్నికను చాలావరకు నిర్ణయిస్తాయి.

మన ఇళ్లలో ఇన్వర్టర్లకు, ట్రాక్టర్లకు వాడే సీసపు బ్యాటరీలను ఎల్లప్పుడూ నిండుగా ఉంచాలని పెద్దలు చెబుతుంటారు. అది సరైన మాటే. ఛార్జి తగ్గిన స్థితిలో వదిలివేస్తే ఆ బ్యాటరీ పలకలపై సల్ఫేటు గట్టిపడి అది త్వరగా పాడవుతుంది. పాత నికెల్–కాడ్మియం బ్యాటరీల కాలంలో పూర్తిగా ఖాళీ చేసిన పిదపనే ఛార్జి చేయాలన్న మాట కూడా స్థిరపడింది. ఈ రెండు అలవాట్లు లిథియం–అయాన్ బ్యాటరీకి నప్పవు. దీని ఆవిష్కరణకు గాను గుడ్‌ఇనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు లోపలి రసాయనాలు అధిక ఒత్తిడికి లోనవుతాయి. గ్రాఫైట్ ధ్రువంపై ఉండే పలుచని పొర క్రమేణా మందమై, పనిచేయవలసిన లిథియంలో కొంత భాగాన్ని తనలో బంధించివేస్తుంది. అలా పోయిన సామర్థ్యం తిరిగి రాదు. కొత్తలో 300 కిలోమీటర్లు నడిచిన కారు 20 శాతం సామర్థ్యం కోల్పోతే 240 కిలోమీటర్లకే పరిమితమవుతుంది. అద్దెకు కారు నడిపి జీవించే వ్యక్తికి ఆ 60 కిలోమీటర్లు ఒక కిరాయితో సమానం.

ఈ కారణంగా నిత్య ప్రయాణాలకు 20 నుంచి 80 శాతం మధ్య ఛార్జి ఉంచుకోవడం మేలు. దూరప్రయాణం ఉన్నప్పుడు 100 శాతం నింపడంలో తప్పు లేదు. నింపి రెండు మూడు రోజులు ఎండలో నిలిపి ఉంచడమే హాని. పైగా పూర్తిగా నిండిన బ్యాటరీ బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే విద్యుత్తును స్వీకరించలేదు. ఆ మేరకు శక్తి వృథా అవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల విషయంలో మాత్రం కొంత మినహాయింపు ఉంది. ఛార్జి ఎంత మిగిలిందో కచ్చితంగా లెక్కకట్టేందుకు వీటిని అప్పుడప్పుడు 100 శాతం నింపవలసిందిగా పలు కంపెనీలు సూచిస్తున్నాయి. తమ కారులో ఉన్నది ఏ రకమో యజమానులు వాహనంతో పాటు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవలసి ఉంటుంది.

మన ప్రాంతంలో ఛార్జింగ్ కన్నా ఎండ గురించే ఎక్కువ చెప్పవలసి ఉంది. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ సాధారణం. వేడి పెరిగే కొద్దీ పైన పేర్కొన్న క్షీణత వేగం పుంజుకుంటుంది. మిట్టమధ్యాహ్నం దూరం నుంచి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టక, కారును చెట్టు నీడన గాని, రేకుల కింద గాని కొంతసేపు ఉంచి, రాత్రి చల్లబడిన తరువాత ఛార్జి చేయడం ఉత్తమం. కార్యాలయాల ఆవరణలో సెలవు దినాలలో నిలిపి ఉంచే వాహనాలను సగం ఛార్జితో, నీడలో ఉంచేలా అధికారులు డ్రైవర్లకు సూచించవచ్చు.

వేగవంతమైన డి.సి. ఛార్జర్లపై ఉన్న భయం కొంత అతిశయోక్తి అనే చెప్పాలి. ప్రయాణంలో వాడుకోవడానికే అవి ఉన్నాయి. అవసరం లేకున్నా ప్రతిదినం వాటినే ఆశ్రయిస్తే బ్యాటరీ వేడెక్కి మన్నిక తగ్గుతుంది. 80 శాతం దాటాక ఛార్జింగ్ వేగాన్ని కారే తగ్గించివేస్తుంది కనుక అక్కడ వేచి ఉండడం వల్ల సమయం వృథా తప్ప ప్రయోజనం స్వల్పం.

ఇంటి వద్ద 3.3 కిలోవాట్ల ఛార్జరుతో 30 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి తేవడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. రాత్రి నిద్రపోయే వేళ ఇందుకు సరిపోతుంది. ఇందుకోసం 16 ఆంపియర్ల ప్రత్యేక ప్లగ్గు, తగిన మందం గల తీగ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. సాధారణ ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడరాదు. పొలం వద్ద వ్యవసాయ కనెక్షన్ నుంచి కారుకు ఛార్జి పెట్టడం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగం కిందికి వస్తుందన్న విషయం కూడా ప్రజలకు తెలియజేయవలసి ఉంది.

పలు కంపెనీలు బ్యాటరీపై 8 సంవత్సరాలు లేక 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నప్పటికీ, కొంత మేరకు సామర్థ్యం తగ్గడాన్ని సహజంగానే పరిగణిస్తాయి. విదేశాలలో వేలాది వాహనాల సమాచారాన్ని విశ్లేషించిన జియోటాబ్ సంస్థ, సగటు తగ్గుదల ఏటా 1.8 శాతమని 2024లో వెల్లడించింది. పాత కారు కొనేవారు రంగు, టైర్లు చూసి ధర నిర్ణయించుకోవడం మన వద్ద రివాజు. విద్యుత్ కారు విషయంలో బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని తెలిపే నివేదికను సర్వీసు కేంద్రం నుంచి తీసుకుని, దానిని చూసిన మీదటనే బేరం మొదలుపెట్టడం మంచిది.