సున్నపురాతి క్రింద నీటి దారులు

గుంటూరు జిల్లా నుండి 2022లో వేరుపడిన పల్నాటి సీమలో పత్తియు మిరపయు పండు నల్లరేగడి క్రింద పలుచోట్ల సున్నపురాయి గలదు. పిడుగురాళ్ల బట్టీలలో కాలు రాయి ఇదియే. చేలకు వేసిన ఎరువు, చల్లిన పురుగుమందు వాననీటితో ఆ రాతిలోనికి దిగినచో ఏ ఊరి బావిలో, ఎన్నాళ్లకు తేలును? దీనిని లెక్కకట్టి చెప్పుట కష్టము. ఏల కష్టమో తెలిసికొందము.

ఇసుక నేలలో నీరు రేణువుల సందుల గుండ మెల్లగా సాగును. దాని వేగమును గణించు సూత్రమును 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ప్రకటించెను. నేల అంతయు ఇంచుమించు ఒకే తీరున నున్నప్పుడు ఆ లెక్క చక్కగా కుదురును.

సున్నపురాయి అట్టిది కాదు. వాననీరు గాలిలోను మట్టిలోను గల బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాతి పగుళ్లను యుగముల తరబడి కరిగించి సొరంగములుగా చేయును. పల్నాటి గుత్తికొండ బిలము, రాయలసీమలోని బెలుం గుహలు సున్నపురాతిలో ఏర్పడినవే. సొరంగములో నీరు ఏరువలె పరుగెత్తును. ప్రక్కనున్న సన్నని సందులలో ఏండ్ల తరబడి నిలిచియుండును. ఈ రెంటికి సగటు కట్టినచో ఆ సగటు దేనికిని చెల్లదు.

1877లో జర్మనీలో డాన్యూబు నది నేలలోనికి ఇంకిపోవుచోట 10 కిలోల రంగు కలిపిరి. 12 కిలోమీటర్ల దూరమున ఆఖ్ ఊటలో అది సుమారు 60 గంటలకు తేలెను. రోజునకొక మీటరు చొప్పున నడచు నీటికి ఆ దూరము 32 ఏండ్లకు మించిన ప్రయాణము! కనుక ఇట్టి నేలలో సూత్రమునకు తోడు రంగు పరీక్షలును, ఊటల కొలతలును కావలెను.

మరియొక చిక్కు గలదు. సొరంగముననుసరించి వచ్చిన మాలిన్యము త్వరగా దాటిపోయినను, సందులలో దాగినది పిదప కొద్దికొద్దిగా వెలువడుచుండును. కావున వేసవిలో ఒకమారు పరీక్షించి బావినీరు మంచిదనుట చాలదు. తొలివానలు రేగడి బీటలలోనికి దిగిన పిదపను, ఆపై నెలలలోను పరీక్షింపవలెను. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము.

ఇసుక మురికిని కొంత వడగట్టును, సొరంగము వడగట్టదు. మందు కొట్టిన పంపులను బావుల చెంత కడుగకుండుటయు, ఖాళీ డబ్బాలను పాత రాతిగనుల గుంతలలో పారవేయకుండుటయు నేడే మనము చేయదగిన పనులు.