ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు సామూహిక ఓటింగ్ ద్వారా నిధులు: పద్ధతులు, పరిమితులు

వ్యవసాయ పరిశోధనలో క్షేత్ర ప్రయోగాల గణాంక విశ్లేషణకు ‘ఆర్’, పటాల తయారీకి ‘క్యూజీఐఎస్’ విరివిగా వినియోగింపబడుతున్నాయి. ఇవి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు. వీటి సోర్స్‌కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. వినియోగానికి రుసుము లేదు. అయితే దోషాల సవరణకు, భద్రతా పరీక్షలకు నిపుణుల శ్రమ నిరంతరం అవసరం. చెరువు నీరు ఆయకట్టు రైతులందరిదీ అయినప్పటికీ పూడిక తీసే భారం ఎవరిదన్న ప్రశ్న వంటిదే ఇక్కడా ఎదురవుతుంది.

ఈ నిర్లక్ష్యపు ఫలితం 2014 ఏప్రిల్‌లో స్పష్టమైంది. ఇంటర్నెట్‌లో సమాచార గోప్యతకు ఆధారమైన ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే తీవ్ర లోపం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా అసంఖ్యాక వెబ్‌సైట్లు ఆధారపడిన ఆ సాఫ్ట్‌వేర్ నిర్వహణ అప్పటికి కొద్దిమంది చేతుల్లోనే, అతి స్వల్ప విరాళాలతో సాగుతున్నది.

టోకెన్ ఓటింగ్

బ్లాక్‌చెయిన్‌పై నమోదయ్యే డిజిటల్ యూనిట్లను టోకెన్లు అంటారు. ఉమ్మడి నిధిని ఏ ప్రాజెక్టుకు కేటాయించాలో టోకెన్లు గలవారు ఓటు ద్వారా నిర్ణయించడం సరళమైన పద్ధతి. కానీ ఇందులో ఓటు విలువ టోకెన్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఇది వాటాల కంపెనీ విధానమే తప్ప, వాటాలతో నిమిత్తం లేకుండా సభ్యునికి ఒకే ఓటు ఉండే సహకార సంఘ విధానం కాదు. ‘ఆప్టిమిజం’ అనే బ్లాక్‌చెయిన్ సంస్థ 2022లో రెండు సభలను ప్రతిపాదించడానికి ఇదే నేపథ్యం. ఆ ప్రతిపాదన ప్రకారం ఒక సభలో ఓటు టోకెన్లను బట్టి, రెండవ సభలో మనిషికి ఒకటి చొప్పున ఉండాలి. ప్రజోపయోగ ప్రాజెక్టులకు నిధుల కేటాయింపు రెండవ సభకు అప్పగించబడింది.

వర్గ పద్ధతి

విటాలిక్ బుటెరిన్, జోయి హిట్జిగ్, గ్లెన్ వేల్ 2018లో ‘క్వాడ్రాటిక్ ఫండింగ్’ పద్ధతిని ప్రతిపాదించారు. 2019 నుండి ‘గిట్‌కాయిన్’ దీనిని ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల విషయంలో ఆచరణలో పెట్టింది. ఇందులో ప్రతి విరాళానికి వర్గమూలం కట్టి, వాటి మొత్తాన్ని వర్గం చేస్తారు. దాని నుండి అసలు విరాళాలను తీసివేయగా వచ్చినది ఉమ్మడి నిధి నుండి చెల్లించవలసిన జోడింపు.

ఉదాహరణకు, ఒక ప్రాజెక్టుకు ఒకే దాత రూ.100 ఇచ్చాడనుకొందాం. వర్గమూలం 10, దాని వర్గం 100, జోడింపు సున్న. మరొక ప్రాజెక్టుకు 25 మంది రూ.4 చొప్పున ఇచ్చారు. వర్గమూలాల మొత్తం 50, దాని వర్గం 2,500, జోడింపు రూ.2,400. రెండింటికీ అందిన విరాళం రూ.100 మాత్రమే అయినా, దాతల సంఖ్య ఫలితాన్ని మార్చివేసింది. ఉమ్మడి నిధి చాలనప్పుడు జోడింపులను అదే నిష్పత్తిలో తగ్గిస్తారు.

పరిమితులు

ఈ పద్ధతి బలమే దాని బలహీనత కూడా. రూ.100 గల ఒక వ్యక్తి 25 ఖాతాలు తెరచి రూ.4 చొప్పున వేసినచో, అర్హత లేకుండానే రూ.2,400 జోడింపు పొందగలడు. దీనిని ‘సిబిల్ దాడి’ అంటారు. ఒక ఖాతా వెనుక ఒకే మనిషి ఉన్నాడని నిర్ధారించలేనప్పుడు లెక్క ఎంత సరైనదైనా నిధి దారి తప్పుతుంది. గుర్తింపు పరీక్షలను కఠినతరం చేసినచో నిజమైన చిన్న దాతలు వెనుదిరిగే ప్రమాదం ఉన్నది.

రెండవ పరిమితి ఆదరణకు సంబంధించినది. ఓటర్లు తమకు కనిపించే సాఫ్ట్‌వేర్‌నే ఎన్నుకొంటారు. దాని అడుగున పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటివి, పంటకు వేరువలె ఆధారమైనప్పటికీ, వారి దృష్టికి రావు. ‘ఆప్టిమిజం’ సంస్థ ఇప్పటికే కలిగిన ప్రయోజనాన్ని చూసి, తదనంతరం నిధులిచ్చే విధానాన్ని అవలంబించింది. అయితే ప్రయోజనాన్ని నిరూపించుటకు వినియోగపు ఆధారాలు కావాలి.

ముగింపు

ఓటింగ్ సూత్రం ఏదైనా, ఓటరు ఎవరు, ఏ ఆధారంతో ఓటు వేస్తున్నాడు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం లభించనిదే నిధి సక్రమంగా చేరదు. రెండవ ప్రశ్న విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తోడ్పడగలరు. పరిశోధనా వ్యాసాలలో, సిద్ధాంత గ్రంథాలలో తాము వాడిన సాఫ్ట్‌వేర్, అనుబంధ ప్యాకేజీల పేర్లు, వెర్షన్ సంఖ్యలతో సహా పేర్కొనవలెను. ‘ఆర్’లో ‘సైటేషన్’ అనే కమాండ్ మూలాన్ని పేర్కొనే పంక్తిని సిద్ధంగా అందిస్తుంది. వ్యాసంలో చేర్చే ఆ ఒక్క పంక్తి, నిర్వాహకులు తమ కృషి ప్రయోజనాన్ని చూపుకొనుటకు ఆధారమవుతుంది.