క్షమించడం ఒక్క రోజు పని కాదు
గ్రాహం స్టెయిన్స్ హత్య కేసులో ఒక దోషి విడుదల కావడంతో, గ్లాడిస్ స్టెయిన్స్ నాడు ప్రకటించిన క్షమకు అర్థమేమిటన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. జవాబు ఆమె మాటల్లో కన్నా ఆ తర్వాత బారిపదలో ఆమె గడిపిన అయిదేళ్లలో ఎక్కువగా దొరుకుతుంది.

2025 ఏప్రిల్ 16న ఒడిశాలోని కియోంఝర్ జైలు నుంచి మహేంద్ర హెంబ్రమ్ బయటికొచ్చాడు. ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను సజీవదహనం చేసిన కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడతను. పాతికేళ్ల జైలు జీవితంలో సత్ప్రవర్తన కనబరిచాడన్న కారణంతో విడుదల చేశారు. తనను అన్యాయంగా ఇరికించారని అతను చెప్పుకొన్నాడు. ఇదే కేసులో ప్రధాన దోషి దారా సింగ్ దారి వేరు. ముందస్తు విడుదల కోరుతూ సుప్రీంకోర్టుకు పెట్టుకున్న వినతిలో, చేసిన నేరానికి పశ్చాత్తాపపడుతున్నట్టు పేర్కొన్నాడు. దానిపై నిర్ణయం తీసుకోవాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఒడిశా ప్రభుత్వానికి సూచించింది.

ఒకరు నేరమే చేయలేదంటారు. మరొకరు తప్పయిందంటారు. వీరిద్దరినీ గ్లాడిస్ స్టెయిన్స్ ఎప్పుడో క్షమించేశారు. 1999 జనవరిలో, హంతకులెవరో పోలీసులకు చిక్కకముందే, తనకు ఎవరి మీదా కోపం లేదని ఆమె ప్రకటించారు. దారా సింగ్ అరెస్టయింది ఏడాది తర్వాత, 2000 జనవరి 31న. అంటే ముక్కూముఖం తెలియని మనుషులను, వాళ్లు అడగకుండానే ఆమె క్షమించారన్నమాట.

దేశం నివ్వెరపోయింది. క్రైస్తవేతరులు సైతం చేతులెత్తి నమస్కరించారు. అయితే ఆ మెచ్చుకోలులో ఒక ఇబ్బంది ఉంది. ఆమెను మామూలు మనుషులకు అందనంత ఎత్తులో నిలబెడితే, ఇక ఆమె చేసిన పని మనం చేయాల్సిన అవసరం తప్పిపోతుంది. ఏసును నమ్మి, ఆయన వెంట నడవడమంటే నిత్యజీవితంలో ఏమిటో తెలుసుకోవాలంటే ఆ ప్రకటన వెలువడిన రోజును కాస్త పక్కన పెట్టి, మిగతా రోజులను చూడాలి.

పుండు కడిగే పని

స్టెయిన్స్ 1941లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టారు. 1965లో మయూర్‌భంజ్ జిల్లా కేంద్రమైన బారిపదకు వచ్చి, ఆ ఊళ్లోనే ఉండిపోయారు. అక్కడి ఎవాంజెలికల్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్ది చివర్లోనే పని మొదలుపెట్టింది. దాని ఆధ్వర్యంలోని కుష్ఠురోగుల ఆశ్రమమే ఆయన లోకమైంది. ఒడియా, సంతాలీ, హో భాషలు నేర్చుకున్నారు. నర్సుగా శిక్షణ పొందిన గ్లాడిస్ 1981లో భారత్‌కు వచ్చారు. 1983లో వారిద్దరికీ పెళ్లయింది. పిల్లలు ముగ్గురు: ఎస్తేరు, ఫిలిప్, తిమోతి.

ఆ ఆశ్రమంలో జరిగే పనిలో సంచలనమేమీ ఉండదు. కుష్ఠు కారక సూక్ష్మజీవి నరాలను దెబ్బతీస్తుంది. దాంతో స్పర్శ పోతుంది. కాల్లో ముల్లు దిగినా, చెయ్యి కాలినా రోగికి తెలియదు. రోగంతో వేళ్లు వాటంతటవే ఊడిపోతాయన్నది అపోహ. నొప్పి తెలియక తగిలించుకున్న గాయాలు ముదిరే వేళ్లు పోతున్నాయని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. కాబట్టి మందులతో సూక్ష్మజీవి చచ్చిపోయినా, కాళ్లూ చేతులూ రోజూ చూసుకోవాల్సిందే. నానబెట్టాలి, కడగాలి, నూనె రాయాలి, కట్టు మార్చాలి. మర్నాడు మళ్లీ అంతా మొదటి నుంచి. తెలుగునాట నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోనూ, ప్రస్తుత పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరులోనూ మిషన్ ఆస్పత్రులు దశాబ్దాలుగా చేసిందీ ఇదే పని.

1999 జనవరి 22 రాత్రి స్టెయిన్స్, కొడుకులిద్దరితో కలిసి కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఉన్నారు. స్థానిక క్రైస్తవుల కోసం ఏటా జరిపే అటవీ శిబిరం అది. చలికాలం. ముగ్గురూ తమ వాహనంలోనే పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక దారా సింగ్ నాయకత్వంలో వచ్చిన గుంపు దానికి నిప్పుపెట్టింది. ఫిలిప్‌కు పదేళ్లు. తిమోతికి ఆరు. అంత్యక్రియల్లో గ్లాడిస్, 13 ఏళ్ల ఎస్తేరు కలిసి పునరుత్థానాన్ని చాటే ఓ ఆంగ్ల కీర్తన పాడారు.

ఆమె ఆస్ట్రేలియా వెళ్లిపోతారనే చాలామంది అనుకున్నారు. కానీ వెళ్లలేదు. రోగులున్నారు, ఆశ్రమం ఉంది, పని ఉంది. మరో అయిదేళ్లకు పైగా బారిపదలోనే ఉండి ఆ పని నడిపించారు. భర్త పేరిట ఆస్పత్రి ఏర్పాటైన తర్వాత 2004లో, కూతురి చదువు దృష్ట్యా స్వదేశం వెళ్లారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఎస్తేరు డాక్టరయ్యారు.

క్షమించానన్న మాటకు రుజువంటూ ఉంటే ఆ అయిదేళ్లే. మాట నోట వచ్చేందుకు ఒక్క క్షణం చాలు. తన బిడ్డలను పొట్టనబెట్టుకున్న గడ్డ మీదే, మర్నాటి ఉదయం లేచి, ఆ ప్రాంతం మనుషుల పాదాలకే కట్లు కట్టించడానికి ఏళ్లు పడుతుంది. మనసులోని పగకు కూడా కుష్ఠు పుండు లక్షణం ఉంది. మానిందనుకుని చూడటం మానేస్తే లోలోపల ముదురుతుంది.

సువార్తలోని ‘ప్రతిదినము’

తనను వెంబడించాలనుకునేవాళ్లు తమ సిలువను ఎత్తుకోవాలని ఏసు చెప్పినట్టు మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. లూకా ఒక్కడే తొమ్మిదో అధ్యాయంలో దానికి ‘ప్రతిదినము’ అన్న మాట చేర్చాడు. సిలువ అనగానే హతసాక్షుల మరణం గుర్తొస్తుంది. అది జీవితంలో ఒకేసారి జరిగేది, అదీ కొద్దిమందికే. రోజూ ఎత్తుకోవాల్సిన సిలువ మాత్రం ఇల్లు, పొలం, ఆఫీసు, ఇరుగుపొరుగు నడుమ ఉంటుంది.

శిష్యులకు ఏసు నేర్పిన ప్రార్థన వరుస చూసినా ఇదే తెలుస్తుంది. ఏ రోజు ఆహారం ఆ రోజు ఇమ్మని అడిగిన వెంటనే, తాము ఇతరులను క్షమించినట్టే తమనూ క్షమించమని అడగాలి. నిన్న తిన్న అన్నం ఇవాళ్టి ఆకలి తీర్చదు. నిన్నటి క్షమ కూడా అంతే. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా అని పేతురు లెక్క అడిగితే, ఏసు డెబ్బై ఏళ్ల మారులని చెప్పి ఆ లెక్కనే అర్థం లేనిదిగా చేశాడు. దీన్ని ఏడుగురు వేర్వేరు మనుషులు చేసిన తప్పుల గురించి చెప్పినట్టే చదవనక్కర్లేదు. ఒకే గాయం ఏడాది తర్వాత, పుట్టినరోజు నాడో పండగ నాడో మళ్లీ సలుపుతుంది. అప్పుడు మళ్లీ క్షమించాల్సి ఉంటుంది.

ఇక నమ్మకం సంగతి. మన ఊళ్లలో స్వస్థత మహాసభల పోస్టర్లు చూస్తే నమ్మకం అంటే ఒకరకమైన బీమా అనిపిస్తుంది. నమ్మితే జబ్బు తగ్గుతుంది, ఉద్యోగం వస్తుంది, అప్పులు తీరతాయి. ఆ లెక్కన 34 ఏళ్లు కుష్ఠురోగులకు సేవచేసిన మనిషికి, ఆయన పసిపిల్లలకు ఆ రాత్రి ఏం జరిగి ఉండకూడదు? మరి జరిగింది. వాళ్ల నమ్మకం తక్కువైందని ఏ బోధకుడూ అనే సాహసం చేయడు. గెత్సేమనే తోటలో ఏసు కూడా ఆ గిన్నె తన నుంచి తొలగాలని వేడుకున్నాడు. తొలగలేదు. అయినా తండ్రి చిత్తానికే తలవంచాడు. ఆపద రాదన్న హామీ అందులో లేదు. వచ్చినప్పుడు ఒంటరి కామన్న భరోసా ఉంది. గ్లాడిస్ ఆధారపడింది ఆ భరోసా మీదే.

చట్టం దారి చట్టానిది

క్షమిస్తే కేసు ఎందుకన్నది చాలామంది అడిగే ప్రశ్న. గ్లాడిస్ ఈ రెంటినీ కలపలేదు. క్షమించడం తన వంతు, శిక్ష విషయం చూసుకోవడం చట్టం వంతు అన్నది ఆమె వైఖరి. సీబీఐ దర్యాప్తు సాగింది. 2003 సెప్టెంబరులో భువనేశ్వర్ కోర్టు దారా సింగ్‌కు మరణశిక్ష, మరో 12 మందికి యావజ్జీవం విధించింది. 2005 మేలో ఒరిస్సా హైకోర్టు మరణశిక్షను యావజ్జీవంగా మార్చి, దారా, హెంబ్రమ్ తప్ప మిగతా 11 మందిని నిర్దోషులుగా వదిలేసింది. 2011 జనవరి 21న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అయితే పేద గిరిజనుల మధ్య స్టెయిన్స్ మత కార్యకలాపాలకు ‘గుణపాఠం’ చెప్పడమే హంతకుల ఉద్దేశమన్నట్టుగా తీర్పులో వచ్చిన వ్యాఖ్యలపై దుమారం రేగింది. నాలుగు రోజుల్లోనే కోర్టు వాటిని తొలగించింది.

మతమార్పిడి వివాదం ఈ కేసును మొదటినుంచీ వెంటాడింది. శిబిరాల్లో కొందరు గిరిజనులు బాప్తిస్మం తీసుకున్నారని, బలవంతపు మార్పిడులకు మాత్రం ఆధారాల్లేవని జస్టిస్ వాధ్వా కమిషన్ తేల్చింది. మతప్రచారం ఉండాలా వద్దా అన్న దానిపై ఎవరి అభిప్రాయం ఏదైనా, నిద్రపోతున్న పిల్లలను తగలబెట్టడానికి అది సంజాయిషీ కాజాలదు. ఈ మాట సూటిగా చెప్పడం క్షమకు అడ్డు కాదు. తప్పును తప్పని ఒప్పుకుంటేనే క్షమించడానికి ఏదైనా మిగులుతుంది.

అసలు చిక్కు అదే ఒడిశాలో 2008లో ఎదురైంది. ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత కంధమాల్‌లో క్రైస్తవులపై దాడులు చెలరేగాయి. 39 మంది మరణించినట్టు అధికారిక లెక్క. వేల ఇళ్లు కాలిపోయాయి. బాధితుల్లో అత్యధికులు నిరుపేద దళితులు, గిరిజనులు. 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు వారికి అదనపు పరిహారం ఇవ్వమంటూనే, పోలీసులు మూసేసిన 315 కేసులను మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. ఇలాంటి చోటికి వెళ్లి, గ్లాడిస్‌లా క్షమించండి అని ప్రసంగించడం ఎంతవరకు న్యాయం? ఇల్లు పోయినవాడికి సాక్షిగా నిలబడే ధైర్యం, వకీలు, ఊరికి తిరిగి వెళ్లే దారి కావాలి. అవేవీ ఇవ్వకుండా క్షమ ఒక్కటే బోధిస్తే, దాని అసలు పేరు నోరు మూసుకోమనడం.

హిట్లర్‌ను ఎదిరించి 1945లో ఉరికంబమెక్కిన జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్, 1937లో శిష్యరికంపై రాసిన పుస్తకంలో ‘చౌక కృప’ను తూర్పారబట్టారు. మూల్యం చెల్లించకుండా పొందే క్షమ సంఘాన్ని లోపలి నుంచి తినేస్తుందన్నది ఆయన వాదన. గ్లాడిస్ క్షమకు విలువ రావడానికి కారణం దాని మూల్యం ఆమే చెల్లించడం. ఇతరుల తరఫున క్షమించే అధికారం ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. ఇతరులకు ఆ పని పురమాయించే అధికారం సంఘ పెద్దలకూ లేదు. వాళ్లు చేయగలిగింది బాధితుడి పక్కన నిలబడటం. క్షమ అతని మనసులో పుట్టాలంటే అందుకు కాలం పడుతుంది.

మనలో చాలామందికి మనోహర్‌పూర్ ఎదురుకాదు. ఎదురయ్యేవి చిన్నవి. పంపకాల్లో అన్న చేసిన మోసం, పదోన్నతి దగ్గర సహోద్యోగి చెప్పిన చాడీ, పెళ్లిలో వియ్యాలవారు అన్న మాట, సంఘ ఎన్నికల్లో మొదలై కోర్టుదాకా వెళ్లిన తగాదా. క్షమించేశానని ఆదివారం సాక్ష్యం చెప్పడం తేలికే. సోమవారం ఎదురుపడినప్పుడు ముందుగా పలకరించడమే కష్టం. హక్కుగా రావాల్సిన వాటా అడుగుతూనే, ఆ అన్న కొడుకు ఆస్పత్రిలో ఉంటే చూసి రావడం ఇంకా కష్టం. వాటా అడగడం న్యాయం. చూసి రావడం క్షమ. రెండూ ఒకే మనిషి, ఒకే వారంలో చేయొచ్చు.

అవతలివాడు మారతాడన్న పూచీ ఇందులో లేదు. దారా సింగ్ పశ్చాత్తాపం నిజమో కాదో తేల్చే సాధనం ఏ కోర్టు దగ్గరా లేదు. హెంబ్రమ్ నేరాన్నే ఒప్పుకోవడం లేదు. అయినా గ్లాడిస్ క్షమ వాళ్ల జవాబు కోసం ఆగలేదు. ఆ క్షమ వాళ్లకేం చేసిందో చెప్పలేం. బారిపద ఆశ్రమంలోని రోగులకు మాత్రం మరో అయిదేళ్ల పాటు కట్టు కట్టేవాళ్లు ఉండేలా చేసింది.