మా పక్క ఊరి తైక్వాండో మాస్టారు

షార్లెట్‌లో మావాడి తైక్వాండో క్లాసు బయట ల్యాప్‌టాప్‌ ఒళ్లో పెట్టుకుని కూర్చునే నాన్నల్లో నేనూ ఒకణ్ని. వాడి బెల్టు రంగు మారినప్పుడల్లా ఫొటో తీసి విజయవాడలో అమ్మకు వాట్సాప్‌ చేస్తాను. పోయిన నెల వాడు 'ఇంక రాను' అన్నాడు. బ్లాక్‌బెల్టు ముంగిట్లో మానేస్తాడా? గట్టిగా అరిచాను.

ఆ రాత్రి నిద్రపట్టక 'ద ఫుట్‌ ఫిస్ట్‌ వే' చూశాను. తే అంటే కాలు, క్వాన్‌ అంటే పిడికిలి, డో అంటే మార్గం. సినిమా పేరు తైక్వాండోకు అనువాదమే! మాకు అరగంట దూరంలోని కాంకర్డ్‌లో జోడీ హిల్‌ దాదాపు 80 వేల డాలర్లతో తీశాడు. ఇక్కడ ఇంటి డౌన్‌పేమెంటుకే అంత అవుతోంది లెండి. 2006లో సన్‌డాన్స్‌లో ప్రదర్శించారు. విల్‌ ఫెరెల్‌, ఆడమ్‌ మెకే పూనుకోవడంతో 2008లో థియేటర్లకు వచ్చింది.

డానీ మెక్‌బ్రైడ్‌ వేసిన ఫ్రెడ్‌ సిమన్స్‌ మాస్టారికి మాటలు కోటలు దాటతాయి. భార్య మోసం చేసిందని తెలిశాక ఆ కోపమంతా క్లాసులో శిష్యుల మీద తీర్చుకుంటాడు. పగలబడి నవ్వాను. నవ్వుతుండగానే మావాడి ముఖం గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసులో నాకూ చీవాట్లు పడ్డాయి మరి.

బూతులు బోలెడు, పిల్లలతో చూసే సినిమా కాదు.

పొద్దున్నే అడిగాను, ఎందుకు మానేస్తావురా అని. 'బెల్టు నీ ఫొటో కోసమే కదా నాన్నా' అన్నాడు.

ఈ శనివారం క్లాసుకు వెళ్లలేదు. పెరట్లో వాడే నాకు ఫ్రంట్‌ కిక్‌ నేర్పాడు. నడుం పట్టేసింది. ఫొటో మాత్రం వాడే తీసి నానమ్మకు పంపాడు.