గనులూ మన కోటలే

రామగుండం వైపు చూడదగ్గవి ఏమున్నాయంటే అందరూ ముందు రామగిరి ఖిల్లా పేరు చెబుతారు. తర్వాత గోదావరి ఒడ్డు గుళ్లు, ఎల్లంపల్లి ప్రాజెక్టు. బొగ్గుబాయి పేరెత్తేవారు అరుదు. ఇక్కడ ఇంత పట్టణం లేచింది మాత్రం దానివల్లే. 1889లో ఇల్లందులో మొదలైన తవ్వకాలు 1960ల ఆరంభంలో ఇక్కడికి చేరాయి. బొగ్గు వెంటే 1971లో 62.5 మెగావాట్ల బీ థర్మల్ విద్యుత్ కేంద్రం, 1980లో ఎరువుల కర్మాగారం, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వచ్చాయి. గని అంకెతో ఎయిటింక్లైన్ కాలనీ, తవ్వకాలకు వందేళ్లు నిండిన గుర్తుగా సెంటినరీ కాలనీ వెలిశాయి. రాజులు కట్టించిన కోట వారసత్వమైనప్పుడు, బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టిన చేతులు నిలబెట్టిన బాయి ఎందుకు కాదు?

కోట శిథిలమైనా రాళ్లు మిగులుతాయి. గనికి ఆ అదృష్టం లేదు. భూగర్భ గని ఉన్నచోటే ఓపెన్‌కాస్ట్ తవ్వితే దిగుడు దారి, ల్యాంప్ రూం ఆనవాళ్లు కూడా మిగలవు. కర్మాగారాలదీ అదే దారి. బొగ్గుతో నడిచిన పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో ఆగింది. 2021లో మొదలైన కొత్తది గ్యాస్‌తో నడుస్తోంది. బీ థర్మల్ 2024లో మూతపడింది. అదే ఏడాది ఆగస్టులో పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చేశారు.

దుమ్ము, పేలుళ్లు, ఊళ్లు ఖాళీ చేసిన బాధ మిగిల్చినదాన్ని దాచుకోవడమెందుకని అడగవచ్చు. దాచుకోవడమంటే పొగడటం కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని సెవెన్ ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ సంగతి కూడా దాచుకున్న గనిలోనే చెప్పాలి. ఖర్చు మాటేమిటన్నది ఇంకా బలమైన ప్రశ్న. మూసిన బాయిలో నీరు తోడాలి, గాలి ఆడించాలి, పైకప్పు కాపాడాలి. అందుకే అన్నీ కాదు, ఒక్కటి చాలు. అదీ పంపులు, ఫ్యాన్లు నడుస్తుండగానే ఎంచుకోవాలి. నీట మునిగాక తెరవడం చాలా కష్టం. వేల్స్‌లో బిగ్ పిట్ గని 1980లో మూతపడి, 1983లోనే సందర్శకులకు తెరుచుకుంది. ఒకప్పటి కార్మికులే జనాన్ని 90 మీటర్ల లోతుకు దింపి చూపించారు. దాని చుట్టూ ఉన్న బ్లైనావన్ ప్రాంతానికి 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఉపాధి ముందా, జ్ఞాపకం ముందా అనే పేచీ వస్తే, పాత కార్మికులకే చూపించే పని ఇవ్వడం అక్కడ దొరికిన జవాబు.

మన దగ్గరా ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ బస్సు నడిపింది. జనానికి ఆసక్తి ఉంటుందన్న నమ్మకంతోనే కదా. బస్సు ఒక్కటే సరిపోదు. ఈ గనులు నడిపే సింగరేణి సంస్థలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. నిర్ణయం ఈ రెండింటి చేతుల్లోనే ఉంది. మూసివేతకు దగ్గరపడిన గనుల్లో ఒకదాన్ని మ్యూజియంగా ప్రకటించాలి. పాత మస్టర్ పుస్తకాలు, పనిముట్లు అక్కడికి చేర్చాలి. రిటైరైన కార్మికులనే గైడ్లుగా పెట్టుకోవాలి. వాళ్లు ఉండగానే ఆ పని జరగాలి.