మీకు తెలుసా? ప్రతి పాత మిలిటరీ బండీ జీపు కాదు

ఆర్మీ వేలంలో కొన్న పాత బండి కనబడితే చాలు, జీపు అనేస్తాం. అది జోంగా కావచ్చు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న ఇంగ్లిషు మాటల్లోంచి పుట్టిన పేరది. మూలం నిస్సాన్ పాట్రోల్ పి60. పాట్రోల్ అంటే గస్తీ. తాగేది మాత్రం పెట్రోలే, అదీ దండిగా! 3,956 సీసీ, ఆరు సిలిండర్లు మరి. 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్‌లో తయారైంది. క్రికెటర్ ధోనీ దగ్గరా ఒకటుంది.

ఇలాంటి బండిని ఇంట్లో బాగుచేసేవాళ్లు ముందు ఇంజన్ మీద పడతారు. చూడాల్సింది బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి కదలని బండిలో వీల్ సిలిండర్లు లోపలే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.

ఇంకో సంగతి. మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోల్ లేదు. ఆ సీసమే పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరిగిపోకుండా కాపాడేది. అందుకే హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయిస్తే మంచిది.

మైలేజీ కోసం డీజిల్ ఇంజన్ ఎక్కిద్దామనుకుంటే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. ముందు ఆర్‌టీఏ అనుమతి, ఆ తర్వాతే స్పానరు.